తాళపత్రముల వెదకిన దొర: చార్లెస్ ఫిలిప్ బ్రౌను

నేటి చదువరి గ్రంథాలయపు బీరువా తెరచి, పద్దు పుస్తకమున సంతకము చేసి, మనుచరిత్రమును ఇంటికి గొనిపోవుచున్నాడు. రెండువందల యేండ్ల క్రిందట ఈ సౌలభ్యము లేదు. కావ్యము చదువగోరువాడు మొదట తాటాకుల కట్ట ఎవరి యింటనున్నదో యారా తీయవలెను. తెలిసినను ఆ గృహస్థు చేయి విడువవలెను. విడిచినను ప్రతి వ్రాయుటకు లేఖకుడు దొరకవలెను. అటకలమీద పొగచూరి, చెదల పాలై, అన్నదమ్ముల పంపకములలో ఆకులు చెదరి అంతరించిన గ్రంథములెన్నియో లెక్క చెప్పగలవారు లేరు. మిగిలినవానిలో పెక్కింటిని వెదకి, నలుగురికి అందునట్లు చేసినవాడు ఒక ఆంగ్లేయోద్యోగి.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు, ప్రాచ్యభాషలయం దభిరుచి గలవాడు. 1812లో తండ్రి మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు మరలెను. అచ్చట హెయిలీబరీ కళాశాలలో కుంఫిణీ కొలువునకు వలయు చదువు ముగించి బ్రౌను 1817లో చెన్నపట్టణము చేరెను. వెలగపూడి కోదండరామపంతులు ఆయనకు తెలుగు నేర్పెను. 1820లో కడప కలెక్టరునకు సహాయుడుగా నియుక్తుడై, పిమ్మట మచిలీపట్టణమునకు మారెను. పరీక్ష నెగ్గి, అర్జీలు చదువుకొనునంత తెలుగు వచ్చిన చాలునని తలచు దొరలే నాడు మెండు. బ్రౌను అంతటితో నిలువలేదు.

1824లో ఆయన దృష్టి వేమనపై బడెను. హిందువుల ఆచారములను గూర్చి దుబాయి అను ఫ్రెంచి మతాచార్యుడు వ్రాసిన గ్రంథమున వేమన ప్రస్తావన యుండెను. ఆ కవి యెవడని విచారింపగా పండితులు పెదవి విరిచిరి. అట్టి పద్యములు పామరులవే గాని విద్వాంసులు చేపట్టదగినవి కావని వారి భావము. పండితులు కాదన్న కొలదియు ఆయన వెదకుట హెచ్చెను. పలుతావులనుండి ప్రతులు తెప్పింపగా ఏ రెండును ఒక్కతీరున లేవు. ఒకదాన నున్న పద్యము వేరొకదాన లేదు. ఉన్నను పాదములు మారియున్నవి. వీని నన్నిటిని సరిచూచి, 693 పద్యములు ఏరి, ఆంగ్లానువాదముతో 1829లో అచ్చు వేయించెను. వేమన పద్యము నోట రాని పల్లె నాడును లేదు గాని, అది పుస్తకమై బల్లమీదికి వచ్చినది ఈ దొర పూనికచేతనే.

కడపకు మరల వచ్చినప్పుడు ఆయన ఒక బంగళా కొని, అందు పండితులను, లేఖకులను సొంత వేతనములిచ్చి నిలిపెను. జనులు దానిని బ్రౌను కాలేజీ యనిరి. గ్రామములకు మనుష్యులను పంపి తాటాకు ప్రతులు తెప్పించుట, ఒకే గ్రంథమునకు దొరికినన్ని ప్రతులు చేర్చి పాఠములు పోల్చుట, శుద్ధప్రతిని కాగితముమీద వ్రాయించి అట్టలు కట్టించుట అచ్చటి నిత్యకృత్యములు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య, అయోధ్యాపురం కృష్ణారెడ్డి మున్నగువారు ఆయనకు తోడ్పడిరి. జమకంటె ఖర్చు మిక్కుటమై ఆయన అప్పులపాలయ్యెను. పాఠము కుదరనిచోట పండితులు తమకు తోచినట్లు దిద్దిరనియు, దొర దానికి సమ్మతించెననియు విమర్శకులు చేయు ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. అయినను ఆ ప్రతులే లేనిచో దిద్దుబాటును పట్టుకొనుటకు సైతము ఆధారముండెడిది కాదు.

1832-33లో గుంటూరు సీమను పీడించిన ఘోరక్షామమును ఆయన కన్నులార చూచెను. 1834లో కుంఫిణీ ఆయనను కొలువునుండి తొలగించెను. ఆయన లండను చేరెను. ఆ నగరమున కుంఫిణీవారి ఇండియా హౌసు పుస్తకశాలలో ఆయనకు దొరకినది ఈ చరిత్ర యంతటిలోను మిక్కిలి చెప్పుకొనదగినది. దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు అచ్చట మూలబడి యుండెను. అవి డాక్టరు లేడను అను పండితుడు మన దేశమున కూర్చినవి. 1811లో ఆయన గతించిన పిమ్మట కుంఫిణీ వానిని కొనెను. తాటాకులపై తెలుగు చదువగలవాడు లండనులో ఎవ్వడు? అడుగువాడు లేక, చదువువాడు లేక అవి ధూళి తినుచుండెను. వేరొకడైన తనకు వలసినవి ఎత్తి వ్రాసికొని ఊరకుండును. బ్రౌను వానిని చూచి, చదువువారున్న చెన్నపట్టణమునకు పంపివేయవలెనని అధికారులను కోరెను. కొలువు పోయి, తన తిరుగుప్రయాణమే నిశ్చయము కానివాడు పుస్తకముల తిరుగుప్రయాణమునకు అర్జీ పెట్టెను! అధికారులు సమ్మతించిరి. ఇట్లు మరలివచ్చిన ప్రతులు 2106 అని చెప్పుదురు.

తరువాత ఆయన పారసీక భాషానువాదకుడుగా మరల చెన్నపట్టణము వచ్చెను. దొరకినదానిని తోడి చదువరులకు తెలుపనిదే ఆయనకు తోచదు. మద్రాసు సాహిత్య సంఘమువారి పత్రికలో 1839, 1840 సంవత్సరములందు తెలుగుభాషా వాఙ్మయములను గూర్చి వ్యాసములు ప్రకటించి, ఏయే గ్రంథములున్నవో, అందేమున్నదో, ఏవి చదువ యోగ్యములో విప్పి చెప్పెను. ద్విపద యని పండితులు చిన్నచూపు చూచిన పాల్కురికి సోమనాథుని బసవపురాణమును సయితము అట్లే పరిచయము చేసెను. ఆ అభిప్రాయములలో కొన్ని తొందరపాటువి. ప్రౌఢకావ్యముల రుచి ఆయనకు పూర్తిగా పట్టుపడినదనుట కష్టము. అయినను చదువువానికి అర్థము కావలెనను పట్టుదలతో జూలూరి అప్పయ్యచే వ్యాఖ్యానము వ్రాయించి 1851లో మనుచరిత్రమును అచ్చొత్తించెను. 1840లో వ్యాకరణమును, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువడినవి. వానిని గూర్చి ఎరుగనివారు లేరు.

తాను కూర్చిన వ్రాతప్రతులను ఆయన ఇంట దాచుకొనక సాహిత్య సంఘపు పుస్తకశాల కిచ్చివేసెను. 1869లో నెలకొన్న చెన్నపురి ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునకు మెకంజీ కూర్చిన ప్రతులతోపాటు ఇవియు, లండనునుండి తిరిగివచ్చినవియు మూలధనమైనవి. తరువాతి కాలమున కావ్యములను పరిష్కరించిన పండితులెందరో ఆ భాండాగారపు బల్లలయొద్ద కూర్చున్నవారే.

ఆరోగ్యము చెడి 1855లో ఇంగ్లండునకు మరలిన బ్రౌను, 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడయ్యెను. వివాహము చేసికొనలేదు. 1884 డిసెంబరు 12వ తేదీన లండనులోనే కాలధర్మము నొందెను. కడపలోని బంగళా శిథిలమై మొండిగోడలు మిగిలినవి. ఇరువదవ శతాబ్దపు చివరి దశాబ్దములలో జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలచే ఆ తావుననే ఆయన పేర గ్రంథాలయము వెలసినది.