చేతి నొప్పితోనే నెగ్గుకొచ్చిన పియానో విదుషి

డోలు కొట్టేవారికి మణికట్టు, ఫిడేలు వాయించేవారికి భుజం, మగ్గం నేసేవారికి మోచేయి, నాట్లు వేసేవారికి నడుము. ఎవరి పనికి తగ్గ నొప్పి వారికి ఉంటుంది. నొప్పి వచ్చిందని పని మానితే పొయ్యి వెలగదు. పని మానకపోతే నొప్పి తగ్గదు. ఈ చిక్కు మన పల్లెలకే పరిమితం కాదు. నూటయాభై ఏళ్ల క్రితం, చక్రవర్తుల మెప్పు పొందిన జర్మనీ దేశపు పియానో విదుషి క్లారా షూమన్‌కు కూడా ఇదే చిక్కు ఎదురైంది. భర్త గతించాక ఏడుగురు బిడ్డలకు అన్నం పెట్టింది ఆమె చేతులే. ఆ చేతులే ఆమెను ఏళ్ల తరబడి బాధించాయి.

పియానో మన నాటకాల హార్మోనియంలాగే తెల్లని, నల్లని మెట్లున్న వాద్యం. అయితే హార్మోనియంలో ఒక చేయి తిత్తి ఆడిస్తుంది, రెండో చేయి మెట్లు నొక్కుతుంది. పియానోలో రెండు చేతులూ, పది వేళ్లూ మెట్ల మీదే పనిచేయాలి. మెట్టు నొక్కితే లోపల చిన్న సుత్తి లేచి ఉక్కు తీగను కొడుతుంది. వేలు ఎంత బలంగా పడితే నాదం అంత గట్టిగా పలుకుతుంది. అందుచేత కచేరీలో చేతులకు పడే శ్రమ తక్కువేమీ కాదు.

తండ్రి వద్ద శిక్షణ

క్లారా 1819 సెప్టెంబరు 13న లైప్‌జిగ్ నగరంలో జన్మించారు. తండ్రి ఫ్రెడరిక్ వీక్ పియానో నేర్పేవారు, పియానోల వ్యాపారమూ చేసేవారు. తల్లి మరియానా గాయని. క్లారాకు అయిదేళ్లు నిండే వేళకు తల్లిదండ్రులు విడిపోయారు. పిల్ల తండ్రి దగ్గరే పెరిగింది.

వీక్ చండశాసనుడు. అయినా ఒక విషయంలో తెలివైనవాడు. పిల్లను రోజంతా వాద్యం ముందు కూర్చోబెట్టలేదు. సాధనకు గంటలు లెక్కగట్టి, ప్రతిరోజూ ఆరుబయట నడక తప్పనిసరి చేశారు. క్లారా తొమ్మిదో ఏట, 1828లో తొలిసారి సభలో వాయించారు. పద్దెనిమిదో ఏట, 1838లో, ఆస్ట్రియా చక్రవర్తి ఆమెకు ఆస్థాన విదుషి బిరుదు ఇచ్చి గౌరవించారు.

బలవంతానికి బలైన వేలు

1830లో రాబర్ట్ షూమన్ అనే ఇరవయ్యేళ్ల యువకుడు న్యాయశాస్త్రం చదువు వదిలి వీక్ ఇంట శిష్యుడిగా చేరారు. ఆలస్యంగా మొదలుపెట్టిన సాధనను త్వరగా ముగించాలని ఆయన తొందర. వేలికి బలం రావాలని ఒక యంత్రం కూడా వాడారు. 1832 నాటికి కుడిచేతి మధ్యవేలు చెప్పిన మాట వినడం మానేసింది. వైద్యులు చెప్పినవన్నీ చేశారు. సారాయిలో తడిపిన కట్లు కట్టారు. కరెంటు పెట్టించుకున్నారు. అప్పుడే కోసిన జంతువు పొట్టలోని వేడి పేగుల్లో చేయి ముంచి కూర్చున్నారు. ఏదీ ఫలించలేదు. వాద్యకారుడు కావాలన్న ఆశ అంతటితో ముగిసింది. అది నరాల ఆజ్ఞలో వచ్చిన లోపమని నేటి వైద్యుల్లో చాలామంది అభిప్రాయం.

రాబర్ట్ దృష్టిని సంగీత రచన మీదికి మళ్లించి ఆ రంగంలో మహానుభావుడయ్యారు. ఆయన రాసినవాటిని సభల్లో వినిపించింది క్లారా. వారి పెళ్లికి వీక్ ఒప్పుకోలేదు. ఇద్దరూ కోర్టుకెక్కి అనుమతి తెచ్చుకుని 1840 సెప్టెంబరు 12న వివాహమాడారు. ఎనిమిది మంది బిడ్డలు కలిగారు. ఒక బిడ్డ పసితనంలోనే పోయాడు.

1854 ఫిబ్రవరిలో మతి చలించిన రాబర్ట్ రైన్ నదిలో దూకారు. పడవవాళ్లు కాపాడారు. తర్వాత బాన్ నగరం దగ్గరి మానసిక వైద్యశాలలో చేరి, 1856 జూలై 29న కన్నుమూశారు. వైద్యులు అనుమతించనందున రెండేళ్లకు పైగా క్లారా భర్త ముఖం చూడలేదు. చివరి రెండు రోజుల్లోనే చూడగలిగారు. అప్పటికి ఆమె వయసు ముప్పయ్యారు.

చేతికి వచ్చిన ఆపద

సాయం చేస్తామన్నవారు లేకపోలేదు. క్లారా మాత్రం సొంత సంపాదన మీదే నిలబడదలచారు. పిల్లల్ని చదువులకూ, బంధువుల ఇళ్లకూ పంపి ఊరూరా కచేరీలు చేశారు. చలికాలం వచ్చిందంటే రైళ్లలో ప్రయాణాలే. ఇంగ్లండుకు ఎన్నోసార్లు వెళ్లారు. ఆమె దాచిన కచేరీ కార్యక్రమ పత్రాలు దాదాపు 1,300 మిగిలి ఉన్నాయి.

అదే కాలంలో పియానోలూ మారాయి. ఆమె చిన్ననాటి వాద్యాలకు కర్ర చట్రం, తేలికైన మెట్లు ఉండేవి. తర్వాత ఇనుప చట్రాలు వచ్చాయి. తీగలు లావెక్కాయి, మెట్లు బరువెక్కాయి. పెద్ద సభల్లో చివరి వరుసకూ వినిపించాలంటే వేలు మరింత బలంగా పడాలి. వయసు పెరుగుతున్న కొద్దీ చేతికి పని పెరిగిందన్న మాట.

1850ల చివరికే చేతి నొప్పులు కనిపించాయి. 1873లో కుడిచేయి బొత్తిగా మొరాయించింది. వాతమని కొందరన్నారు. విరామం లేని శ్రమ వల్ల వచ్చిన నొప్పి అని ఆమె చరిత్ర పరిశీలించిన నేటి వైద్యులు అంటున్నారు. ఏడాదికి పైగా కచేరీలు ఆగిపోయాయి. సంపాదన ఆగింది, ఖర్చులు ఆగలేదు. అంతకు ముందే, 1872లో, కూతురు జూలీ చనిపోయింది. ఒక కొడుకు లూడ్విగ్ మానసిక వైద్యశాలలో ఉన్నాడు. చివరి కొడుకు ఫెలిక్స్‌కు క్షయ.

భర్త వేలు ఎలా పోయిందో క్లారాకు తెలుసు. ఆమె ఆ దారి తొక్కలేదు. వాయించలేనప్పుడు ఒప్పుకున్న కచేరీలు వదులుకున్నారు. 1875లో కీల్ నగరంలో ఎస్మార్క్ అనే శస్త్రవైద్యుడి దగ్గర చికిత్స పొందారు. గాయపడినవారికి రక్తస్రావం ఆపే కట్టు కనిపెట్టిన ఎస్మార్క్ ఈయనే. ఈయన పియానో ముట్టుకోవద్దనలేదు. చికిత్స సాగుతుండగానే వాయించనిచ్చారు. ఆ ఏడాదే క్లారా మళ్లీ సభకెక్కారు.

నొప్పి అంతటితో వదల్లేదు. 1877 వేసవిలో బల్ల సొరుగు లాగబోయి కుడిచేతి టెండన్ బెణికించుకున్నారు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడువంటి భాగాన్ని టెండన్ అంటారు. మన ఊళ్లలో నరం పట్టిందనే నొప్పుల్లో కొన్ని ఇక్కడివే. సరిగ్గా ఆ రోజుల్లోనే కుటుంబ మిత్రుడు, సంగీత రచయిత బ్రామ్స్ ఒక కానుక పంపారు. బాఖ్ అనే పూర్వ సంగీత రచయిత వయొలిన్‌కు కూర్చిన రచనను ఎడమచేత్తోనే వాయించేలా పియానోకు మార్చిన ప్రతి అది. ఈమె కుడిచేయి బెణికిన సంగతి ఆయనకు తెలియదు. క్లారా ఎంతో సంబరపడి, కుడిచేతికి విశ్రాంతినిచ్చి ఎడమచేత్తో సాధన సాగించారు.

గురువుగా కొత్త దారి

1878లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని హాక్ సంగీత కళాశాలలో ఉపాధ్యాయినిగా చేరి 1892 వరకు పనిచేశారు. దీంతో కచేరీల మీదే ఆధారపడే బాధ తగ్గింది. ఆరోగ్యం బాగున్నప్పుడు వాయించేవారు, లేనప్పుడు నేర్పేవారు. వేలు మెట్టుకు దగ్గరగా ఉంచాలి, మణికట్టు వదులుగా ఉండాలి, మెట్టును బాదకూడదు, నొక్కాలి. శిష్యులకు ఆమె నేర్పిన పద్ధతి ఇది. పెద్ద కూతురు మేరీ, మరో కూతురు యూజినీ సహాయకులుగా ఉండేవారు.

నొప్పి విషయంలో ఆ ఇంట మరో విషాదం ఉంది. కొడుకు ఫెర్డినాండ్ 1870-71 యుద్ధంలో సిపాయిగా వెళ్లి కీళ్లవాతం తెచ్చుకున్నాడు. నొప్పి తగ్గడానికి వైద్యులు మార్ఫిన్ అనే నల్లమందు రకం మందు ఇచ్చారు. అతడు దానికి బానిసై 1891లో మరణించాడు. అతడి పిల్లల భారం కూడా డెబ్బయి దాటిన నాయనమ్మ మీదే పడింది.

అదే 1891లో క్లారా చివరిసారి సభలో వాయించారు. తొలి కచేరీ నాటి నుంచి అప్పటికి 62 ఏళ్లు గడిచాయి. 1896 మే 20న ఫ్రాంక్‌ఫర్ట్‌లో కన్నుమూశారు. బాన్‌లో భర్త పక్కనే సమాధి చేశారు. 1990 నుంచి 2002లో యూరో నోట్లు వచ్చేదాకా జర్మనీ వంద మార్కుల నోటు మీద ఆమె బొమ్మ ఉండేది.

ఒకే ఇంట్లో రెండు చేతుల కథ ఇది. తొందరపడి బలవంతం చేసిన చేయి రెండేళ్లలో పోయింది. ఆగవలసిన చోట ఆగి, కోలుకున్నంతమేరకే పని చెప్పిన చేయి అరవై ఏళ్లు పలికింది. మన దగ్గర పెళ్లిళ్ల కాలంలో రాత్రింబగళ్లు వాయించే డోలు, నాదస్వర కళాకారులు గానీ, మగ్గం దిగని నేతకారులు గానీ చేయి లాగుతున్నప్పుడు మొండికెళ్లకుండా ఆ రోజు పని తగ్గించుకోవడమే మేలు. విశ్రాంతి ఇచ్చినా రెండు మూడు వారాల్లో తగ్గకపోతే, వేళ్లు తిమ్మిరెక్కితే, పట్టు జారితే డాక్టరుకు చూపించాలి. దుకాణంలో నొప్పి బిళ్లలు కొని మింగుతూ పని సాగిస్తే నొప్పి కనబడకుండా పోతుందేగానీ దెబ్బ లోపల పెరుగుతూనే ఉంటుంది.