వంకర వేళ్ళ కంటి వైద్యుడు - డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి

మన కొంపల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి దక్షిణాదికి సాగి, మదురై దాటి కన్యాకుమారి చేరుతుంది. ఆ మదురైలో కంటి వైద్యాన్ని బీదవాడికి అందుబాటులోకి తెచ్చిన మహనీయుడు డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి. తమిళనాట స్థిరపడిన తెలుగు కుటుంబం వారిది. 1918 అక్టోబరు 1న ఎట్టయాపురం ప్రాంతంలోని వడమలాపురం అనే పల్లెలో రైతుబిడ్డగా జన్మించారు. కాగితం, పెన్సిలు లేని ఆ ఊరి బడిలో పిల్లలు ఇసుకలోనే అక్షరాలు దిద్దుకునేవారు.

ఆయన చిన్నతనంలోనే దగ్గరి బంధువుల్లో ముగ్గురు ఆడవాళ్ళు నిండు గర్భిణులుగా ఉండి చనిపోయారు. డాక్టరై తల్లుల ప్రాణాలు కాపాడాలన్న పట్టుదల అప్పుడే నాటుకుంది. 1944లో మద్రాసు స్టాన్లీ వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకొని సైనిక వైద్యదళంలో చేరారు. అంతలో తీవ్రమైన కీళ్ళవాతం ఆయన్ని పట్టుకుంది. శరీరాన్ని కాపాడవలసిన రక్షణశక్తే కీళ్ళమీద దాడిచేసి, వాటిని వాపెక్కించి వంకర పోయేట్టు చేసే జబ్బు అది. 1948లో సైన్యం వదలవలసి వచ్చింది. చాలాకాలం మంచంలోనే గడిచింది. కలం పట్టుకుందామన్నా వేళ్ళు సహకరించలేదు. కాన్పుల వైద్యం ఇక తనవల్ల కాదని తేలిపోయింది.

ఇంకొకరైతే వైద్యవృత్తికే స్వస్తి చెప్పేవారేమో! ఆయన మాత్రం పోయినదాన్ని తలచుకుంటూ కూర్చోక, మిగిలిన శక్తితో ఏం చేయవచ్చునని ఆలోచించి కంటి వైద్యం చేపట్టారు. తన వేళ్ళకు తగిన పరికరాలు తయారు చేయించుకొని, కత్తి పట్టడం మళ్ళీ మొదటినుంచి సాధన చేశారు. 1956లో మదురై ప్రభుత్వ వైద్య కళాశాలలో నేత్రవిభాగాధిపతి అయ్యారు. పల్లెల్లో నేత్రశిబిరాలు నడిపారు. ఆ వంకర వేళ్ళతోనే జీవితకాలంలో లక్షకు పైగా ఆపరేషన్లు చేశారు. 1973లో పద్మశ్రీ వరించింది.

1976లో, 58వ ఏట రిటైరై, 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. అప్పు పుట్టక ఇల్లు తాకట్టు పెట్టారు. చెల్లెలు డాక్టర్ నాచియార్, ఆమె భర్త డాక్టర్ నంపెరుమాళ్‌స్వామి అండగా నిలిచారు. ఇచ్చుకోగలవారి ఫీజుతోనే లేనివారికి ఉచిత వైద్యం - ఇదీ ఏర్పాటు. ఒక రోగికి ఆపరేషన్ జరుగుతుండగానే పక్క బల్లమీద మరొకరిని నర్సులు సిద్ధంచేసి ఉంచుతారు. డాక్టరుకు క్షణం వృథా కాదు. శుక్లం తీశాక కంటిలో అమర్చే కటకాలను విదేశాల నుంచి తెప్పిస్తే ఖరీదు మోయలేనిది. అందుకని 1992లో ఆరోలాబ్ స్థాపించి వాటిని ఇక్కడే చౌకగా తయారుచేశారు. పెళ్ళి చేసుకోకుండా జీవితమంతా ఈ పనికే అర్పించి, 2006 జూలై 7న కన్నుమూశారు.

మిత్రులారా! ఇది కేవలం పట్టుదల కథ అనుకుంటే పొరపాటు. ఆ చేతులను చూసి, ఇతను ఆపరేషన్లకు పనికిరాడని ఎవరైనా కాగితంమీద రాసేసి ఉంటే, లక్షమందికి పైగా జీవితాల్లో ఆ వెలుగు ఆయన చేతులమీదుగా వచ్చేది కాదు. వైకల్యం 40 శాతం దాటిందన్న ఒక్క కారణంతో ఎం.బి.బి.ఎస్. సీటు నిరాకరించరాదనీ, ఆ విద్యార్థి చదువు సాగించగలడో లేదో చూడాలనీ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 2024లో గాని కాదు. చట్టం ఇప్పటికైనా దారి ఇచ్చింది. మన తరగతి గదుల్లో, మెట్ల దగ్గర, ప్రయోగశాలల్లో ఆ దారి తెరిచి ఉంచవలసింది మనమే.