బాధితుల పక్షాన నిలిచిన న్యాయవాది.. కన్నబిరాన్

సికింద్రాబాద్: పోలీసు నిర్బంధంలో చిత్రహింసలకు గురైనవారు, ఎదురుకాల్పుల పేరిట కన్నబిడ్డలను కోల్పోయిన తల్లిదండ్రులు న్యాయం కోసం వెతుక్కుంటూ వచ్చే చిరునామాలలో సికింద్రాబాద్ మారేడ్‌పల్లి ఒకటిగా ఉండేది. అక్కడ నివసించిన ప్రముఖ న్యాయవాది కె.జి.కన్నబిరాన్ తన జీవితంలో అధిక భాగాన్ని వారి పక్షాన వాదించడానికే వెచ్చించారు.

నెల్లూరు నుంచి హైదరాబాద్‌కు..
కందాళ గోపాలస్వామి కన్నబిరాన్ 1929 నవంబరు 9న మదురైలో జన్మించారు. బాల్యం నెల్లూరులో గడిచింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం అభ్యసించి, అరవయ్యో దశకం ఆరంభంలో హైదరాబాద్ వచ్చి ప్రాక్టీసు సాగించారు. పార్వతీపురం కుట్ర కేసులోను, వరవరరావు, చెరబండరాజు, కె.వి.రమణారెడ్డి తదితర విప్లవ రచయితలపై 1974లో పెట్టిన సికింద్రాబాద్ కుట్ర కేసులోను నిందితుల తరఫున నిలిచారు. సికింద్రాబాద్ కుట్ర కేసు పదిహేనేళ్లు నడిచి 1989లో నిర్దోషులుగా విడుదలతో ముగిసింది. భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఉరిని ఆపేందుకు సాగిన న్యాయపోరాటంలోనూ ఆయన పాలుపంచుకున్నారు. అయినప్పటికీ 1975 డిసెంబరు 1న వారిద్దరినీ ఉరితీశారు.

గిరాయిపల్లి నిజం
ఎమర్జెన్సీ కాలంలో, 1975 జులైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు ఎదురుకాల్పుల్లో మరణించారని పోలీసులు ప్రకటించారు. ఎమర్జెన్సీ తొలగిన పిదప 1977లో జస్టిస్ తార్కుండే అధ్యక్షతన ఏర్పడిన నిజనిర్ధారణ కమిటీలో కన్నబిరాన్ కీలక పాత్ర వహించారు. యువకులను ముందే పట్టుకుని, హింసించి, చెట్లకు కట్టి కాల్చి చంపారని కమిటీ తేల్చింది. ప్రభుత్వం జస్టిస్ భార్గవ కమిషన్‌ను నియమించగా, ఆయన దాని ఎదుట బాధితుల పక్షాన హాజరయ్యారు. అయితే విచారణను రహస్యంగా జరపాలని నిర్ణయించడంతో తార్కుండే కమిటీ వైదొలగింది. దోషులకు శిక్ష పడనేలేదు.

కమిషన్లతో తీరని వ్యథ
1978లో కన్నబిరాన్ ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం అధ్యక్షులయ్యారు. అదే ఏడాది మార్చిలో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై జరిగిన అత్యాచారం, ఆమె భర్త మరణం జంటనగరాలను కుదిపివేశాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, కేసు కర్ణాటకలోని రాయచూరుకు బదిలీ అయ్యాక అక్కడి కోర్టు 1981లో వారిని నిర్దోషులుగా ప్రకటించింది. కమిషన్ తప్పు తేల్చినంత మాత్రాన బాధితులకు న్యాయం దక్కదని ఈ ఉదంతం చాటింది. పోలీసుల చేతిలో సంభవించిన ప్రతి మరణంపైనా కేసు నమోదు కావాలని, ఆత్మరక్షణ కోసమే కాల్చామన్న వాదనను వారు న్యాయస్థానంలో రుజువు చేసుకోవాలని కన్నబిరాన్ దశాబ్దాలపాటు వాదించారు.

ఆ బాట ప్రమాదరహితం కాదు. సంఘంలో సహచరులైన డాక్టర్ రామనాథం 1985లోను, న్యాయవాది నర్రా ప్రభాకరరెడ్డి 1991లోను వరంగల్‌లో హత్యకు గురయ్యారు. కన్నబిరాన్ మాత్రం వెనుకంజ వేయలేదు. 1995 నుంచి 2009 వరకు పౌరహక్కుల ప్రజాసంఘం (పీయూసీఎల్) జాతీయ అధ్యక్షులుగా వ్యవహరించారు. ఎస్.ఆర్.శంకరన్ సారథ్యంలోని పౌరస్పందన వేదికలో సభ్యులుగా హింసను తగ్గించేందుకు కృషి చేశారు. ఆయన ఆత్మకథ '24 గంటలు' పేరుతో వెలువడింది. సతీమణి వసంత్ కన్నబిరాన్ మహిళా ఉద్యమంలో సుపరిచితులు.

ఫలించిన వాదన
2009 ఫిబ్రవరి 6న రాష్ట్ర హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఎదురుకాల్పుల మరణాలపై ఎఫ్ఐఆర్ నమోదు తప్పనిసరి అని, ఆత్మరక్షణ వాదనను విచారణలోనే నిరూపించుకోవాలని తీర్పు వెలువరించింది. స్వల్పకాలంలోనే సుప్రీంకోర్టు దానిని నిలుపుదల చేసింది. 2010 డిసెంబరు 30న సికింద్రాబాద్‌లో 81 ఏళ్ల వయసులో కన్నబిరాన్ కన్నుమూశారు. 2014లో పీయూసీఎల్ వేసిన కేసులోనే సుప్రీంకోర్టు, ఎదురుకాల్పుల మరణాలపై ఎఫ్ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ జరగాలంటూ దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు జారీ చేసింది. అప్పటికి ఆయన మరణించి దాదాపు నాలుగేళ్లు.