జాషువా గారు పద్యం నేర్చిన వైనం



పదవీ విరమణ చేశాక పద్యాలు వ్రాయాలని ఉబలాటపడేవారు మనలో చాలామందే ఉన్నారు. నేనూ ఒకడిని. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆఫీసు ఫైళ్ళు తప్ప మరొకటి వ్రాసి ఎరుగను. అరవై దాటాక ఒక ఛందస్సు పుస్తకం కొని, గురు లఘువులు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, పదవ అక్షరం యతి, నాలుగు పాదాలకూ రెండవ అక్షరం ప్రాస. చెప్పుకోవడానికి సులువే. మొదటి పాదం కుదరడానికే నాకు వారం పట్టింది. ఆ విసుగులో ఉండగా గుఱ్ఱం జాషువా గారి జీవితం చదివాను.

ఆయన 1895 సెప్టెంబరు 28న గుంటూరు సీమలోని వినుకొండలో పుట్టారు. తల్లి లింగమ్మ, తండ్రి వీరయ్య. క్రైస్తవ కుటుంబమైనా ఊరి దృష్టిలో అంటరానివారే. చిన్ననాడు బొమ్మలు గీయడం, పాటలు పాడడం సరదా. బాల్యమిత్రుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి గారి సాహచర్యంలో మనసు పద్యం మీదికి మళ్ళింది. మనకైతే పుస్తకం కొంటే చాలు. ఆ రోజుల్లో సంస్కృతం చెప్పే గురువు కావాలి, ఆ గురువు గుమ్మం తొక్కే అర్హత కావాలి. అయినా పట్టు విడువక, ఒక శాస్త్రిగారిని ఆశ్రయించి మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు.

వినుకొండలోనే ఒక అవధాన సభలో తన పద్యాలు చదివితే, అంటరానివాణ్ణి లోపలికి ఎవరు రానిచ్చారని కొందరు గొడవ చేశారు. కొత్తగా పద్యం కట్టేవాడికి అంతకంటే దెబ్బ ఏముంటుంది? నేనైతే మళ్ళీ కలం పట్టేవాడిని కాను.

పొట్టకూటి కష్టాలూ తక్కువ కావు. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతం. అదీ పోయాక 1915-16లో రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడు. తెరమీద బొమ్మ ఆడుతుంటే కథా సంభాషణలూ పక్కనుండి బిగ్గరగా చదవాలి. తరువాత గుంటూరులో పదేళ్ళు ఉపాధ్యాయ శిక్షణాలయంలోనూ, 1928 నుండి 1942 వరకు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగానూ పనిచేశారు. అంటే మనవంటి జీతగాడే. ఆ ఉద్యోగం చేస్తూనే 1941లో గబ్బిలం వెలువరించారు. చిన్ననాడు అంత కష్టపడి చదువుకున్న మేఘసందేశమే అందులో అక్కరకు వచ్చింది. కాళిదాసు యక్షుడు మేఘాన్ని పంపితే, గుడిలోకి రానివ్వని ఒక పేదవాడు, గుడిలో అడ్డులేకుండా తిరిగే గబ్బిలంతో కాశీ విశ్వనాథునికి తన గోడు చెప్పి పంపుతాడు.

1964లో క్రీస్తుచరిత్రకు సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు. బిరుదులు ఎన్ని ఉన్నా, నేను మా మనుమలకు చెప్పేది ఒక్క సంగతే. శతావధాని చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారంతటి వృద్ధ పండితులు, నిండు సభలో వంగి, ఆయన కాలికి తమ చేతులతో గండపెండేరం తొడిగారు.