అన్వరుద్దీన్ ఖాన్

అన్వరుద్దీన్ ఖాన్ (మరణం: 1749 ఆగస్టు 3) నిజాం తరఫున శ్రీకాకుళం ఫౌజుదారుగా పనిచేసి, తరువాత ఆర్కాటు నవాబైన పాలనాధికారి. కర్ణాటక యుద్ధాల సందర్భంగా చరిత్ర పుస్తకాలలో ఇతని పేరు కనిపిస్తుంది. ఉత్తరాంధ్రతో ఇతనికున్న సంబంధం మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

ఇతని స్వస్థలం నేటి ఉత్తర ప్రదేశ్‌లోని గోపామౌ. ఔరంగజేబు కాలంలో మొఘల్ కొలువులో చేరి, నిజాం ఉల్ ముల్క్ ఆశ్రయం పొందాడు. 1724లో షకర్‌ఖేడా యుద్ధంలో గెలిచి నిజాం దక్కనులో స్వతంత్రుడయ్యాడు. ఆ తరువాత అన్వరుద్దీన్‌ను శ్రీకాకుళం సర్కారుకు పంపాడు.

ఫౌజుదారీ

ఫౌజుదారు సర్కారులో ప్రభువుకు ప్రతినిధి. గోల్కొండ సుల్తానుల కాలం నుండి ఈ పదవి ఉంది. శ్రీకాకుళంలోని జామియా మసీదును కట్టించిన షేర్ మహమ్మద్ ఖాన్ ఆనాటి ఫౌజుదారే. సైన్యాన్ని నడపడం, శాంతిభద్రతలు చూడడం, జమీందారుల నుండి పేష్కషు రాబట్టడం ఇతని విధులు. అయితే ఈ అధికారం మైదానంలో చెల్లినట్లు కొండల అంచున చెల్లేది కాదు. ఉదాహరణకు సాలూరు జమీందారీ మొదట జయపురం రాజులకు లోబడినది. 18వ శతాబ్దిలో విజయనగరం పూసపాటివారి ఆధిపత్యంలోకి వచ్చింది. సాలూరు ప్రజలకు ఫౌజుదారు బహుశా వినికిడి పేరే. పేష్కషు అందినంతకాలం నిజాం కూడా అంతకుమించి పట్టించుకోలేదని చెప్పవచ్చు.

ఆర్కాటు నవాబు

ఆర్కాటులో వారసత్వ తగాదాలు ముదరగా, బాలుడైన నవాబుకు సంరక్షకుడిగా నిజాం ఇతనిని నియమించాడు. 1744లో ఆ బాలుడు హత్యకు గురికావడంతో నవాబు పదవి ఇతనికే దక్కింది. 1746లో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచివారు దానిని నవాబుకు అప్పగిస్తామన్న మాట తప్పారు. ఇతని కుమారుడు మహఫూజ్ ఖాన్ పెద్ద సైన్యంతో వెళ్ళి, అడయారు వద్ద చిన్న ఫ్రెంచి దళం చేతిలో ఓడిపోయాడు. భారతీయ పాలకుల సైనిక బలంపై ఐరోపావారికున్న భయం పోయింది ఇక్కడే. మూడేళ్ళకు ఆంబూరు యుద్ధంలో చందా సాహెబు, ముజఫర్ జంగ్, ఫ్రెంచి సేనలతో పోరాడుతూ అన్వరుద్దీన్ మరణించాడు. మరో కుమారుడు మహమ్మద్ అలీ తిరుచిరాపల్లికి తప్పించుకొని, ఆంగ్లేయుల అండతో నవాబయ్యాడు.

తరువాత

1753లో సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి ఇచ్చినప్పుడు, అప్పటి శ్రీకాకుళం ఫౌజుదారు జాఫర్ అలీ ఖాన్ ఎదురుతిరిగి మరాఠాలను పిలిపించాడు. ఫలితం దక్కలేదు. 1757 బొబ్బిలి యుద్ధం నాటికి ఇక్కడి రాజకీయం ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగరం రాజుల చేతుల్లో ఉంది. 1765లో మొఘల్ చక్రవర్తి ఫర్మానా, 1766లో నిజాంతో ఒప్పందం ద్వారా సర్కారులు ఈస్టిండియా కంపెనీ పరమయ్యాయి.

అన్వరుద్దీన్ వంశీకుల నవాబు పదవిని 1855లో రద్దు చేశారు. 1867లో అజీం జాకు ఇచ్చిన ఆర్కాటు ప్రిన్స్ బిరుదు, పాలనాధికారం ఏదీ లేకుండా, ఆ వంశంలో కొనసాగుతున్నది.