ఎడమకాలికి ఒక టోర్నమెంటు

మా రూమ్ తిరుచానూరులో. తెల్లారితే చాలు, పక్కనున్న ఖాళీ స్థలంలో ఫుట్‌బాల్ మొదలు. రెండేళ్ల నుంచి ఆడుతున్నా నా ఎడమకాలు మాత్రం మొదటిరోజు ఎట్లుందో ఇప్పటికీ అట్లే ఉంది. బంతి అటువైపు వస్తే ఒళ్లంతా తిప్పి కుడికాలితోనే కొడతా. రోజూ ఆడుతున్నా ఆట ఎందుకు బాగుపడటం లేదు? ఈ ప్రశ్నకు జవాబు హైదరాబాదులో బతికిన ఒక బడిపంతులు జీవితంలో దొరికింది. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ రహీం సాబ్.

1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివి, బళ్లలో పాఠాలు చెప్పారు. తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. చనిపోయేదాకా ఆ బాధ్యత వదల్లేదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు కోచ్ కూడా ఆయనే. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది.

ఆయన ఏం చేశారంటే, పిల్లలకు విచిత్రమైన టోర్నమెంట్లు పెట్టారు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి అందగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో బలహీనమైన కాలితోనే ఆడాలి. ఆలోచిస్తే ఇందులో పెద్ద లాజిక్ ఉంది. మామూలు మ్యాచ్‌లో గెలవాలన్న తొందరలో మనకు వచ్చిందే మళ్లీ మళ్లీ చేస్తాం, రానిదాన్ని దాచేస్తాం. రహీం సాబ్ ఆ దాక్కునే చోటు లేకుండా చేశారు.

1950 నుంచి భారత జట్టు కూడా ఆయన చేతికి వచ్చింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచాం. మరుసటి ఏడాదే హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడాం. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో ఉత్తకాళ్లతో ఆడారు. ఆ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. అక్కడ హంగరీ ఆటతీరు చూసిన రహీం సాబ్, మన జట్టు వ్యూహాన్ని కూడా మార్చుకుంటూ వచ్చారు. నాలుగేళ్లు గడిచాయి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరాం, నాలుగో స్థానంలో నిలిచాం. 1960 రోమ్‌లో ఫ్రాన్సుతో 1-1 డ్రా చేసుకున్నాం.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతణ్ని ఇంట్లో కూర్చోబెట్టలేదు, ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ అదే కొరియా. స్టేడియంలో దాదాపు లక్షమంది, ఎక్కువమంది మనకు వ్యతిరేకంగా అరుస్తున్నవాళ్లే. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. 2-1తో గెలిచాం.

ఆ గెలుపు తర్వాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీం సాబ్ పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ బంగారం రాలేదు. ఒక మనిషి ఇరవై ఏళ్లు ఓపిగ్గా కట్టినదాన్ని అదే ఓపికతో నిలబెట్టుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా వేరే లెక్క అక్కర్లేదు.

ఆయన గురించి చదివాక మా గ్యాంగ్‌లో ఒక రూల్ పెట్టుకున్నాం. శనివారం కుడికాలు బంద్. మొదటి శనివారం గంటసేపు ఆడితే ఒక్క గోల్ పడలేదు. నేనైతే బంతిని వదిలేసి నేలను తన్ని బోర్లా పడ్డా. అందరూ పడీ పడీ నవ్వారు. నవ్వితే నవ్వారులే. ఎడమకాలు ఎంత వెనకబడి ఉందో రెండేళ్లలో మొదటిసారి అప్పుడే తెలిసింది. వచ్చే శనివారం కూడా ఆడతాం.