నల్లరాతిపై వెలుగు

బాలలారా! పలకపై బలపముతో వ్రాసిన అక్షరము చేతితో తుడిచినంతనే చెరిగిపోవును. కాని నల్లని రాతిపలకలపై తైలవర్ణములతో చిత్రించిన బొమ్మలు కొన్ని మూడువందల యేండ్లు దాటినను నేటికిని నిలిచియున్నవి. వానిని చిత్రించినవాడు బార్తొలోమే ఎస్తెబాన్ మురిల్యో.

మురిల్యో స్పెయిన్ దేశమందలి సెవిల్ నగరమువాడు. 1618 జనవరి 1వ తేదీన అతనికి జ్ఞానస్నానము జరిగెను. తండ్రి ఆ కాలపు ఆచారమును బట్టి క్షౌరవృత్తితోపాటు చిన్న శస్త్రచికిత్సలను చేయుచుండెడివాడు. పదునలుగురు సంతానములో మురిల్యో కడపటివాడు. పసితనముననే తల్లియు తండ్రియు గతింపగా, అక్కయు బావయు అతనిని పెంచిరి. హువాన్ దెల్ కాస్తిల్యో అను చిత్రకారుని యొద్ద అతడు కళ నభ్యసించెను.

1645లో ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠమునకు చిత్రములు వ్రాయ మొదలిడి మురిల్యో పేరుగాంచెను. 1649లో సెవిల్ నగరమున మహామారి చెలరేగి, జనములో సుమారు సగము మందిని పొట్టనబెట్టుకొనెను. ఆ దినములలోనే అతడు చింపిరి గుడ్డలతో నేలపై కూర్చుండి పేలు చూచుకొనుచున్న బిచ్చగాని బాలుని చిత్రించెను. దిక్కులేని బాల్యము తానును ఎరిగినదే కదా!

గుణదల కొండపై వలె సెవిల్ నగరమునను మేరీమాత యెడల భక్తి మెండు. ఆమె చిత్రములే మురిల్యోకు దేశదేశముల కీర్తి తెచ్చెను. 1660లో అతడు మరికొందరితో కలిసి చిత్రకళా విద్యాలయము నొకదానిని స్థాపించెను.

ప్రౌఢవయస్సున అతనికి మెక్సికో దేశపు నల్లరాతి పలకలు లభించెను. అగ్నిపర్వతము వెడలగ్రక్కిన శిలాద్రవము వేగముగ చల్లారి గాజువలె గట్టిపడినదే ఆ రాయి. అచటి ఆజ్టెక్కులు దానిని నునుపుచేసి అద్దములుగా వాడి, వానిలో భవిష్యత్తును చూచుటకు యత్నించెడివారు. స్పెయిన్ వారు 1521లో ఆ రాజ్యమును జయించిన పిదప అట్టి పలకలు సముద్రము దాటి వచ్చెను.

మురిల్యో ఆ పలకలపై క్రీస్తు జననమును, తోటలో క్రీస్తు ప్రార్థనను, బంధితుడైన క్రీస్తు నెదుట పశ్చాత్తప్తుడై మోకరిల్లిన పేతురును చిత్రించెను. ఒక్కొక్కటి చిన్న పలక మాత్రమే. రాతి నలుపునే రాత్రి చీకటిగా విడిచిపెట్టెను. ప్రార్థనా చిత్రమున రాతిలోని సహజమైన చారలను లోపములని కప్పిపుచ్చక, దివినుండి దిగివచ్చు కాంతికిరణములుగా మలచుకొనెను.

ఆ చిత్రములను అతని మిత్రుడగు హుస్తినో దె నేవే అను మతాచార్యుడు తన యింట ఉంచుకొనెను. నేడు రెండు పారిస్ నగరపు లూవ్ర్ ప్రదర్శనశాలయందును, ఒకటి అమెరికాలోని హ్యూస్టన్ నగరమునను కలవు.

కాదిజ్ నగరపు దేవాలయమున చిత్రము వ్రాయుచు పరంజినుండి పడి మురిల్యో గాయపడెనని ప్రతీతి. 1682 ఏప్రిల్ 3వ తేదీన మరణశాసనము ముగియకమునుపే అతడు కన్నుమూసెను.

అనాథగా పెరిగి, మహామారిని కన్నులార చూచిన ఆ చిత్రకారుడు చీకటిని తుడిచివేయలేదు. దానియందే వెలుగునకు చోటు చూపెను. కష్టకాలమున అతని నల్లరాతి పలకలను మనము తలచుకొనవలెను.